ముత్తక్క ముట్టని చిక్కుడు

ముత్తక్కకు రక్షణ ఏ రోజున వచ్చింది? ఆమె బతుకంతా తిరగేసి చూసినా ఈ ఒక్క ప్రశ్నకు మాత్రం ఇప్పటికీ జవాబు దొరకదు. మద్దిగుంపు ప్రార్థన మందిరంలో తక్కిన వాళ్లందరికీ తలా ఒక రోజు ఉంది. ఒకరికి ఏన్కూరు సభల్లో మూడో నాడు, ఒకరికి బిడ్డ జ్వరం తగ్గిన తెల్లవారి, ఒకరికి తాగి కాలువలో పడి లేచిన మంగళవారం. బాప్తిస్మం కోరిన వాళ్లను పెద్దలు చాప మీద కూర్చోబెట్టి మొట్టమొదట అడిగేది అదే. నీకు రక్షణ ఎప్పుడొచ్చింది?

ముత్తక్కను మొదటిసారి అడిగినప్పుడు ఆమె చాలాసేపు ఆలోచించింది. గోళ్లలో ఇరుక్కున్న పత్తి పొట్టు గీక్కుంటూ "తెల్వది మామా" అంది.

"తెల్వకపోవుడేంది? ఏదో ఒక రోజు ఉంటది గదా. గుండె కరిగిన రోజు, ఏడుపొచ్చిన రోజు?"

"ఏడుపు చానాసార్లొచ్చింది మామా. నా పెనిమిటి పోయిన్నాడొచ్చింది. మేక పోయిన్నాడు గూడ వచ్చింది."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అడిగిన వీరన్న నవ్వలేదు. "వచ్చే ఏడు చూద్దాం" అని కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

వీరన్నకు డెబ్బై రెండేళ్లు. పుట్టింది మద్దిగుంపు అనే ఆ కోయపల్లెలోనే, కోయ ఇంట్లోనే. ఇరవై రెండో ఏట కొత్తగూడెం పోయి, బొగ్గుబాయిలో నీళ్లు తోడే పంపు దగ్గర పనికి కుదిరాడు. అక్కడి క్వార్టర్లలో పక్కింటివాళ్ల ప్రార్థనకు ఊరికే పోయి కూర్చోవడం మొదలుపెట్టి, చివరకు ఆ దారిలోనే నిలబడ్డాడు. పన్నెండేళ్ల కింద రిటైరై వచ్చి, గుంపులో కాకుండా అర కిలోమీటరు ఇవతల రోడ్డు పక్కన ఇల్లు కట్టుకున్నాడు. ఇంటిని ఆనుకుని రేకుల షెడ్డు వేయించి దాన్ని మందిరం చేశాడు. ఏ పుస్తకం చేతికొచ్చినా పెన్సిలుతో గీతలు గీస్తూ చదివే మనిషి. మాట తక్కువ. ఆదివారాల్లో పక్క లంబాడీ తండా నుంచి బండి మీద వచ్చి వాక్యం చెప్పే కోటేష్ పాస్టరు కూడా, వీరన్న ముందు వరుసలో కూర్చుంటే కాస్త జాగ్రత్తగా మాట్లాడతాడు.

ఆ మందిరంలో ఎక్కడా లేని ఒక ఆచారం ఉంది. దాన్ని పెట్టింది వీరన్నే.

ఆ వైపు కోయ గుంపుల్లో పండుగ చేయనిదే కొత్త పంటను నోట పెట్టరు. చిక్కుడు కంచెల మీద విరగకాసి, ముదిరి, గింజ కట్టినా సరే, పటేలు రోజు ఖాయం చేసి, పూజారి కొత్త కాయను దేవర ముందు పెట్టి, గుంపంతా కలిసి వండుకునేదాకా ఎవరూ ముట్టరు. ముట్టినవాళ్ల చేతి అన్నం తక్కినవాళ్లు తినరు, వాళ్ల కుండలో నీళ్లు తాగరు. రిటైరై వచ్చిన మొదటి శీతకాలం, పండుగ ఇంకా ఇరవై రోజులుందనగా, వీరన్న గుంపు నడిమధ్య కూర్చుని నలుగురూ చూస్తుండగా గిన్నెడు చిక్కుడు కూర తిన్నాడు. తాను ఒక్క దేవుడికి తప్ప ఎవరికీ భయపడనని చూపించడానికి అలా చేశాడు. ఆ రోజు నా మెడ మీది కాడి దిగిందని ప్రతి సాక్ష్యంలోనూ చెప్పుకుంటాడు.

ఆ పూట వాకిళ్లలో నిలబడి చూసినవాళ్లలో జంపక్క ఉంది. వీరన్నకు సొంత అక్క, గుంపు పూజారికి భార్య. ఆమె లోపలికి పోయి తలుపు వేసుకుంది. అప్పటినుంచి తమ్ముడి ఇంట పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. పూజారి పోయినప్పుడు వీరన్న పాడె మోయడానికి వచ్చినా, ఆ సాయంత్రం పెట్టిన అన్నంలో తమ్ముడి ఇంటి బియ్యం కలవనీయలేదు.

అప్పటినుంచే బాప్తిస్మానికి వచ్చే ప్రతివాళ్లూ ముందు ఆదివారం మందిరంలో అందరూ కలిసి తినే ప్రేమవిందులో చిక్కుడు కూర తినాలన్న ఆచారం వచ్చింది. ఇది ఏ వాక్యంలో ఉందని ఎవరూ అడగలేదు. వీరన్న భార్య మంగమ్మ చిక్కుడు కూర బాగా వండుతుంది కాబట్టి అడగాలని కూడా ఎవరికీ తోచలేదు.

ముత్తక్క మందిరానికి ఎట్లా వచ్చిందో కూడా సరిగ్గా చెప్పేవాళ్లు లేరు. ఒక ఆదివారం వచ్చి ఊడ్చింది. మరుసటి ఆదివారం ఊడ్చి, కడవెడు నీళ్లు పెట్టి, తలుపు పక్కన చివరి చాప మీద కూర్చుంది. తరవాత అదే ఆమె చోటయింది. యాభై దాటిన మనిషి. మొగుడు లేడు, పిల్లలు లేరు. పత్తి ఏరబోతుంది, కాలం వస్తే తునికాకు కోయబోతుంది. చదువు రాదు. పాట అందుకుంటే పక్కవాళ్లు కూడా దారి తప్పుతారు. ప్రసంగం మొదలైన పావుగంటకు తల వాలుస్తుంది. ఒకసారి కోటేష్ నరకం గురించి గట్టిగా చెబుతుంటే వెనక నుంచి గురక వినిపించింది.

"అమ్మా, నేను అగ్గిగుండం గురించి చెప్తుంటే నీకు నిద్రెట్ల పట్టిందే?" అని తరవాత అడిగాడు.

"రాత్రంతా ముత్యాలమ్మ పిల్లకు తడిబట్ట ఏస్తనే ఉన్న అయ్యగారూ. నీ గొంతు ఇనంగనే పానం చల్లబడ్డది."

ఆమె పని అదే. చుట్టుపక్కల మూడు గుంపుల్లో, ఒక తండాలో ఎవరికి ఒళ్లు బాగాలేకపోయినా ముత్తక్క అక్కడుంటుంది. పుండ్లు కడుగుతుంది, మంచంలో ఉన్నవాళ్లను పక్కకు తిప్పుతుంది, దవాఖానాకు తోడు పోతుంది. చేయి మెత్తన, నోరు మాత్రం కాదు. "బతకాలనుంటే ఈ గోలి మింగు. చావాలనుంటే జల్దీ చెప్పు, నాకు పత్తి ఏరే పనుంది" అంటుంది. మందు వద్దన్న ముసలాళ్లు కూడా ఆ మాటకు నవ్వి నోరు తెరుస్తారు. మంచం పక్కన కూర్చుని ఆమె చేసే ప్రార్థన రెండు ముక్కలే. "అయ్యా, నువ్వు చూస్తనే ఉన్నవు గదా. నాకు చేతనైంది నేను చేస్త, కానిది నువ్వు చెయ్యి."

రెండో ఏడు కూడా ఆమెకు బాప్తిస్మం కాలేదు. ప్రశ్నలకు పిలిచిన పూటే సంగీత అనే పొరుగింటి కోడలుపిల్లకు నొప్పులొస్తే అంబులెన్సులో కొత్తగూడెం పోయి మూడు రోజులకు తిరిగొచ్చింది. పెద్దలు ఆమె కోసం చూసి చూసి లేచిపోయారు. బాప్తిస్మం లేనివాళ్లకు ప్రభువు బల్లలో, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే చోట, వంతు లేదు. కాబట్టి ఆదివారం ఆదివారం రొట్టె పళ్లెం వరుస వెంట వచ్చి ముత్తక్క దగ్గరకు రాగానే ఆమెను దాటి పోయేది. ఆమె కాళ్లు దగ్గరికి లాక్కుని దారిచ్చేది.

మూడో ఏడు, అంటే మొన్నటి శీతకాలం, ముగ్గురు పేర్లిచ్చారు. తండా నుంచి హీరాలాల్, అతని భార్య మంగ్లి, మూడో మనిషి ముత్తక్క. తేదీ ప్రశ్న ఈసారి వీరన్న గట్టిగా అడగలేదు. మూడేళ్లుగా ఊడుస్తున్న మనిషిని అడిగినమాటే అడగడం అతనికే బాగోలేదు. ఇక మిగిలింది ప్రేమవిందు.

ఆ ఏడు గుంపులో చిక్కుడు పండుగ వెనక్కి పోయింది. మిరపకోతలకని సగం గుంపు వ్యాన్లెక్కి ఎర్రుపాలెం దిక్కు తోటలకు పోయి, అక్కడే గుడారాలు వేసుకుని ఉంది. జనం తిరిగొచ్చేదాకా పండుగ లేదని పటేలు చెప్పేశాడు. కంచెల మీద చిక్కుడు ఎవరూ కోయక గలగలలాడుతోంది.

విందునాడు విస్తళ్లు వేశారు. మంగమ్మ గిన్నె చంకనెత్తుకుని వరుస మొదటినుంచి వడ్డిస్తూ వచ్చింది. హీరాలాల్‌కు చిక్కుడంటే కూర మాత్రమే. అతని తండాలో దానికి పండుగా లేదు, భయమూ లేదు. రెండుసార్లు వేయించుకుని వేళ్లు నాకాడు. పరీక్ష అయిపోయింది.

"పట్టు ముత్తీ, నీ కోసమే లేతకాయ ఏరి వండిన" అంది మంగమ్మ.

ముత్తక్క విస్తరి మీద చేయి అడ్డం పెట్టింది. "నాకొద్దత్తా. చారు పొయ్యి, చాలు."

"ఎందుకొద్దు? కడుపునొస్తుందా?"

"లే. ఊరికెనే వద్దు."

"ఓ ముత్తక్కా, నీ వంతు గూడ నన్నే తినమంటవా ఏంది?" అన్నాడు హీరాలాల్. నలుగురు నవ్వారు. తరవాత ఆ నవ్వు ఆగిపోయింది. ఎందుకంటే వీరన్న లేచి వచ్చి ఆమె విస్తరి ముందు నిలబడ్డాడు.

"దేనికి భయం ముత్తా?"

"భయం కాదు మామా."

"మరేంది?"

"పండుగయినంక తింట."

"ఎవరి పండుగ?"

ఆమె తలెత్తలేదు. "గుంపు పండుగ."

చారు కలుపుకుంటున్న చేతులన్నీ నిలిచిపోయాయి. కోటేష్ మెల్లగా అన్నాడు. "అమ్మా, ఇంకా ఆ దేవర్లకే లొంగి ఉన్నవా?"

"లొంగితే ఈడికెందుకొస్త అయ్యగారూ?"

"అయితే ఒక్క ముద్ద తిను. ఒక్కటే."

ముత్తక్క కూర వంక చూసింది. ఆమెకు చిక్కుడంటే ఇష్టమని మంగమ్మకు తెలుసు. "తినను" అంది. చారన్నం తిని, విస్తరి మడిచి, లేచి, ఎప్పటిలాగే అందరి గిన్నెలూ తోమి బోర్లించి పోయింది. తరవాతి ఆదివారం హీరాలాల్, మంగ్లి వాగులో మునిగి బాప్తిస్మం తీసుకున్నారు. ముత్తక్క ఒడ్డున నిలబడి మంగ్లికి పొడి చీర అందించింది.

తాను చేసింది సరైనదేనని వీరన్న తనకు తాను చెప్పుకున్నాడు. సేవ చేసేవాళ్లు లోకంలో చాలామంది ఉంటారు. దవాఖానాల్లో నర్సులు చేయరా? మనసు ఒక్కచోట నిలవకుండా చేతులు ఎంత కదిలినా ఏం లాభం? అలా అనుకుంటూనే ఉన్నాడు. అయినా తోమి బోర్లించిన ఆ గిన్నెలు కళ్ల ముందు నుంచి పోలేదు.

పది రోజుల తరవాత, రోడ్డు మీద ఆగిన ఆటోవాడు మాటల్లో మాటగా, నాగక్క మిరప తోటలో జారిపడి చేయి బెణికించుకుందని చెప్పాడు. వీరన్న ఆటోను పోనివ్వలేదు. నాగక్క జంపక్కకు పక్కింటి మనిషి. దీపావళి ముందు బోరింగు దగ్గర జారిపడి జంపక్క తుంటి విరిగింది. ఆపరేషను ఈ వయసులో తట్టుకోలేదని కొడుకులు ఇంటికి తెచ్చేసుకున్నారు. మిరపకోతలకు పోతూ వాళ్లు బియ్యం, ఉప్పు ఇంట్లో పెట్టి, వండి పెట్టే పని నాగక్కకు అప్పజెప్పారు. అక్కను కాస్త చూస్తుండమని వీరన్న కూడా నాగక్కను విడిగా అడిగాడు. ముత్తక్క పోయి ఒళ్లు కడిగి వస్తుందని తెలుసు, కూటి సంగతి నాగక్క చూస్తోందని ధీమాగా ఉన్నాడు.

"నాగక్క ఎప్పుడు పోయింది కోతకు?"

"రెండో బండిలనే పోయింది తాతా. ఇరవై దినాలైతాంది."

వీరన్న ఇంట్లోకి పోయి మంగమ్మ చేత గంజి కాయించి, టిఫిను డబ్బాలో పోయించుకుని గుంపులోకి నడిచాడు. పన్నెండేళ్లలో అక్క గుమ్మం తొక్కడం అదే మొదలు, పూజారి పోయిన రోజు తప్పిస్తే.

ఇల్లు అలికి ఉంది. మంచం ఎండ తగిలేలా తలుపు దగ్గరికి జరిపి ఉంది. మూడు నెలలుగా పడుకున్న మనిషి దగ్గర రావలసిన వాసన లేదు. జంపక్క చిక్కిపోయింది గానీ కళ్లు ముందులాగే గుచ్చుతున్నాయి.

"ఎవరది, ఎండకు అడ్డం?"

"నేనక్కా. వీరన్నను."

"బొగ్గుబాయి వీరిగాడా? దారి తప్పినవా ఏంది?"

"గంజి తెచ్చిన."

"ఏ కుండల కాసింది?"

వీరన్న టిఫిను మూత నొక్కిపెట్టాడు.

"చెప్పవు. చెప్పలేవు. చిక్కుడు ఉడికిన కుండ అది. తీస్కపో. కుక్కకు పొయ్యి, దానికి పండుగల్లేవు."

"మరి ఇరవై దినాల నుంచి ఏం తింటున్నవే? నాగక్క లేదంట గదా."

"ముత్తి వండుతది."

"ముత్తి మా మందిరం మనిషే గదనే."

"నాకు తెల్వదా? రోజూ నా నెత్తికాడ కూసోని మీ దేవునితోని గొణుగుతది. మెల్లగ మాట్లాడవే, మా ఆయన దేవర్లు ఇంటే అలుగుతరు అంట. నవ్వుతది." జంపక్క ఊపిరి తీసుకుంది. "నాగి పోయిన తెల్లారే వచ్చింది. పెద్దమ్మా, పండుగయ్యేదాక నేను చిక్కుడు ముట్టకుంటే నా చేతి బువ్వ తింటవా అనడిగింది. ఒట్టేయించుకున్న. నా కుండలనే, నా పొయ్యి మీదనే వండాలన్న. గట్లనే వండుతాంది."

"నీకు కానరాకుండ ఎక్కడన్న తిన్నా నీకు తెలుస్తదా?"

"తెల్వది. తిన్ననని అదే చెప్తది. దానికి అబద్ధం రాదు. చెప్తే ఆ పూట నుంచి నేను తినను. తినకుంటే నాలుగు దినాలల్ల పోత. అంతే గదా."

వీరన్న గుమ్మంలోనే కూర్చుండిపోయాడు. విస్తరి మీద అడ్డం పెట్టిన చేయి గుర్తొచ్చింది. ఒక్క ముద్ద, ఒక్కటే అన్న మాట గుర్తొచ్చింది.

"ఒరేయ్ వీరిగా" అంది జంపక్క. గొంతు తగ్గింది. "గీ మాట బయటికి రానియ్యకు. పూజారి పెండ్లాం మందిరపోళ్ల చేతి కూడు తింటాందని తెలిస్తే రేపు నా కొడుకులు పటేలు ముందల తలెత్తుతరా? నీకు చెప్పుడే తప్పయింది. ముసలినోరు, ఆగదు."

"అనను అక్కా."

ముత్తక్క పెరటి వైపు నుంచి కట్టెల మోపుతో వచ్చింది. వీరన్నను చూసి మోపు దించి, కొంగుతో మొహం తుడుచుకుంది. అతను ఆమెను పెరట్లోకి పిలిచాడు.

"ఎందుకు చెప్పలే ముత్తా? ఆ దినం ఒక్క మాటంటే అయిపోవు గదా."

"నలభై మందిల చెప్పే మాటనా మామా అది? పెద్దమ్మ ఆకలి పెద్దమ్మ ఇంట్లనే ఉండనీ."

"నీ బాప్తిస్మం ఆగింది."

"అవ్, ఆగింది."

"బాధ కాలే నీకు?"

"ఎందుక్కాదు? రొట్టె పళ్లెం నన్ను దాటి పోయినప్పుడల్ల అయితది." ఆమె కట్టెలు విడదీస్తోంది. "కానీ బాప్తిస్మం వచ్చే ఏడన్న ఉంటది మామా. పెద్దమ్మ ఉంటదో లేదో. జర జరుగు, పొయ్యి అంటియ్యాలె."

అతను జరిగాడు. గంజి టిఫిను అట్లాగే పట్టుకుని ఇంటిదాకా నడిచాడు. ఎదుటివాడి మనసు నొవ్వకూడదని తన తిండినే మానుకున్న అపొస్తలుడి గురించి వీరన్న మూడుసార్లు ప్రసంగం చేశాడు. అతని బైబిలులో ఆ చోట పెన్సిలు గీతలు రెండు వరుసలున్నాయి. తినడమే విశ్వాసమని అతను పన్నెండేళ్లు అనుకున్నాడు. గిన్నెడు కూర తిని తాను ఒక్క మనిషిని పోగొట్టుకున్నాడు. తినకుండా ముత్తక్క ఆ మనిషినే నిలబెట్టుకుంది. ఆమెకు ఆ చోటు చదవడం రాదు, ఎవరో చదువుతుంటే బహుశా నిద్రపోయి ఉంటుంది.

ఆ పూట మంగమ్మ అన్నంలో చిక్కుడు కూర వేయబోతే వీరన్న కంచం పక్కకు లాక్కున్నాడు.

"పండుగ కానియ్యి" అన్నాడు.

"ఏ పండుగ?" మంగమ్మ గరిటె గాల్లోనే ఉంది. "డెబ్బై దాటినంక మళ్ల ఎనకకు పోతున్నవా ఏంది? అయ్యగారికి ఫోన్ చెయ్యమంటవా?"

"చెయ్యి. ముందు చారు పొయ్యి."

తరవాతి ఆదివారం వాక్యం అయ్యాక వీరన్న లేచి నిలబడ్డాడు. పక్కనున్న కుర్చీ పట్టుకున్నాడు. "చిక్కుడు కూర షరతు నేను పెట్టింది. వాక్యంల లేదు. దేవుడు పెట్టని బరువు నేను మీ నెత్తిన పెట్టిన. తప్పు నాది. ఇయ్యాల్టి నుంచి అది లేదు. ముత్తక్కకు ఈ నెలలనే బాప్తిస్మం ఇయ్యాలని అడుగుతున్న."

"మరి మేం తిన్నదేంది తాతా?" అని ఎవరో అన్నారు. "కూర" అన్నాడు హీరాలాల్. నవ్వులు లేచాయి గానీ అన్ని మొహాలూ నవ్వలేదు. పెద్దాయన మెత్తబడ్డాడని, గుంపువాళ్లతో రాజీ కుదుర్చుకుంటున్నాడని ఆ మధ్యాహ్నానికే మాట పుట్టింది. ఆ మాట వీరన్న చెవిన కూడా పడింది. కాదని చెప్పడానికి కావలసిన ఒకే ఒక్క సంగతి అతని దగ్గర ఉంది, దాన్ని బయటపెట్టే హక్కు లేదు.

కోటేష్ బండి స్టాండు తీయకుండా ఆగాడు. "తాతా, కారణం నాకొక్కడికన్న చెప్పు. రేపు నన్నడుగుతరు."

"కారణం ఉంది అయ్యగారూ. చెప్ప."

"అందరూ నిన్నే అంటున్నరు."

"అననీ. ఆమె నలభై మంది ముందల తల దించుకున్నది. నేను ఇంత గూడ మోయద్దా?"

కోటేష్ అతని వంక చూశాడు. కోటేష్ తల్లి తండాలోనే వేరే ఉంటుంది, మందిరం దారి పట్టిన కొడుకు తెచ్చిన మిఠాయి ముట్టదు. ఆ సంగతి అతను ఎవరికీ చెప్పడు. "సరే తాతా, బాప్తిస్మం పెడదాం" అని బండి తీశాడు.

ముత్తక్కకు చెప్పడానికి వీరన్నే పోయాడు. ఆమె సంతోషం మొహంలో కనిపించిందో లేదో చెప్పడం కష్టం. "పొద్దున్నే అయితదా మామా?" అని అడిగింది. "పది దాటితే పెద్దమ్మ ఆకలికి ఓర్వది. ఒళ్లు గూడ తుడవాలె."

ఫిబ్రవరి ఆఖరుకు వాగులో నీళ్లు మోకాలి లోతు లేవు. హీరాలాల్, ఇంకో ఇద్దరు ముందురోజే ఇసుక తోడి మనిషి మునిగేంత గుంత చేశారు. తెల్లవారి చలికి నీళ్లు కోస్తున్నాయి. కోటేష్ గుంతలో నిలబడి, "ముత్తక్కా, యేసు ప్రభువును నీ రక్షకుడని నమ్ముతున్నవా?" అని అడిగాడు.

"నమ్మకుంటే గీ చలిల ఎందుకు దిగుత అయ్యగారూ?"

ఒడ్డు మీద వాళ్లు నవ్వు ఆపుకోలేకపోయారు. కోటేష్ కూడా నవ్వుతూనే ఆమెను నీళ్లలోకి వంచాడు. లేచినప్పుడు ఆమె ఊపిరి అందక దగ్గింది. రెండు చేతులతో మొహం తుడుచుకుని ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. పెదవులు కదిలాయి. ఏమందో ఎవరికీ వినపడలేదు.

మందిరానికి వచ్చేసరికి తొమ్మిది దాటింది. మంగమ్మ కొన్న కొత్త చీర మడత పెట్టి ఉంది. "ముందు బల్ల కానియ్యత్తా, కట్టుకునుడు అయినంక చూద్దాం" అని ముత్తక్క తడిబట్టల్లోనే తలుపు పక్కన తన చోట కూర్చుంది. ముందుకు రమ్మంటే రాలేదు. రొట్టె పళ్లెం పట్టుకుని వరుస వెంట పోయే పని ఆ రోజు వీరన్న అడిగి తీసుకున్నాడు. చివరి చాప దగ్గరికి వచ్చి వంగాడు. ముత్తక్క కాళ్లు దగ్గరికి లాక్కోబోయి, ఆగి, చేయి చాపింది. గోళ్లలో వాగు ఇసుక ఉంది. రొట్టె ముక్క తీసుకుని చాలా మెల్లగా నమిలింది. గిన్నెలోని ద్రాక్షరసం కూడా ఒక గుక్క తాగి పక్కకిచ్చింది.

తరవాత కోటేష్ ముగింపు ప్రార్థన అందుకున్నాడు. అందరూ కళ్లు మూసుకున్నారు. అతను మంత్రి దగ్గరి నుంచి మిరప తోటల్లో ఉన్నవాళ్ల దాకా ఎవరినీ వదలకుండా ప్రార్థించాడు. వీరన్నకు మధ్యలో వెనక తలుపు దగ్గర గాలి తగిలినట్టయింది. కళ్లు తెరవలేదు. ఆమేన్ అని అందరూ కళ్లు తెరిచి, ముత్తక్కకు చేయి కలపడానికి వెనక్కి తిరిగారు. చాప మీద మనిషి కూర్చున్న మేర తడి ఉంది. చీర మడత విప్పకుండా గోడ పక్కనే ఉంది.

"అయ్యో, అన్నం తినకుంటనే పోయిందా! చెప్పలే, పెట్టలే" అంటూ మంగమ్మ గుమ్మంలోకి ఉరికింది. "ఓ ముత్తీ..."

"పిలవకు" అన్నాడు వీరన్న.

గుంపు దారి మలుపు దగ్గర ముత్తక్క, తడి కొంగు పిండుకుంటూ, దాదాపు పరుగులాంటి నడకతో పోతోంది. మలుపు తిరిగేదాకా వెనక్కి చూడలేదు.